విజిల్ మాస్టారు

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కథ ఆ తర్వాత.

మొన్న అలుమ్ని మీట్ రోజు సాయంత్రం మన గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది కదా, పాత విద్యార్థులకీ స్టాఫ్‌కీ. మీలో చాలామంది గట్టు మీద కూర్చుని సమోసాలు తింటూ చూశారు. ఆడినవాళ్ళంతా పెద్దవాళ్ళే. కొందరికి పొట్ట వచ్చేసింది, కొందరికి మోకాలికి పట్టీ ఉంది. ఒక సార్ అయితే సెకండ్ హాఫ్ సగం గోల్‌పోస్ట్‌కి ఆనుకునే గడిపారు. ఆ మ్యాచ్‌కి రిఫరీ నేను. షూస్ వేసుకుని ఖాళీగా కనిపించింది నేనొక్కడినే కాబట్టి పీడీ సార్ నా చేతిలో విజిల్ పెట్టారు. అదే నా క్వాలిఫికేషన్.

స్టాఫ్ ఒక గోల్ ముందున్నారు. ఇంకో మూడు నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా పాత విద్యార్థులకి త్రో-ఇన్ వచ్చింది. ఒక అన్న బంతిని తల మీదుగా గట్టిగా విసిరాడు. ఇంకో అన్న అప్పటికే డిఫెండర్లందర్నీ దాటి గోల్ దగ్గర నిలబడి ఉన్నాడు. బంతి నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది, గోల్ కొట్టేశాడు. నేను విజిల్ ఊది, చెయ్యి పైకెత్తి, ఆఫ్‌సైడ్ అన్నాను. ఆ అన్న నా వైపు రెండడుగులు వేశాడు, ఏదో చెప్పబోయాడు, ఆగాడు, వెనక్కి వెళ్ళిపోయాడు. స్టాఫ్ ఫ్రీ కిక్ తీసుకున్నారు. మ్యాచ్ ఒకటి-సున్నాతో అయిపోయింది. ఫోటోలు దిగాం, టీ తాగాం.

ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టక ఫోన్‌లో రూల్ చూశాను. త్రో-ఇన్ నుంచి నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు. గోల్ కిక్‌కీ ఉండదు, కార్నర్ కిక్‌కీ ఉండదు. త్రో-ఇన్ సంగతి 1920లోనే తేల్చేశారు. అంటే నేను సుమారు వందేళ్ళు లేటు. ఆ గోల్ కరెక్ట్. మ్యాచ్ డ్రా అవ్వాల్సింది.

ఇది చూపు తప్పు కాదు. చూపు తప్పైతే ఎండ కళ్ళల్లో పడిందనో, మధ్యలో ఎవరో అడ్డొచ్చారనో చెప్పుకోవచ్చు. నేను చూసింది కరెక్టే. రూల్ తెలీకుండా విజిల్ పట్టుకున్నాను, అంతే. ఆట మళ్ళీ మొదలయ్యేలోపు రిఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చు అని కూడా రూల్స్‌లోనే ఉంది. కానీ ఫ్రీ కిక్ తీసేశాక ఇక ఏమీ చెయ్యలేం.

ఆ రాత్రి మొత్తం రూల్స్ చదివేశాను. చదువుతుంటే ఒకటి ఆశ్చర్యమేసింది. మొత్తం 17 రూల్సే. ఆఫ్‌సైడ్ 11వది, ఫౌల్స్ 12వది, కార్నర్ కిక్ 17వది. మన సిలబస్‌లో ఏ సబ్జెక్ట్‌కీ ఇంత నీట్‌గా యూనిట్లు ఉండవు. ఇంత పద్ధతిగా ఎవరు సర్దారు అని వెతికితే ఒక పేరు దొరికింది. సర్ స్టాన్లీ రౌస్. అలా మొదలైన వెతుకులాట రెండు వారాలు నడిచింది. మిడ్ ఎగ్జామ్స్ కూడా మధ్యలోనే వచ్చి పోయాయి, వాటి రిజల్ట్ గురించి అడక్కండి.

రౌస్ 1895 ఏప్రిల్ 25న పుట్టాడు. ఊరు ఇంగ్లండ్‌లో సఫోక్ అనే జిల్లాలో మట్‌ఫర్డ్ అనే చిన్న పల్లె. వాళ్ళ నాన్నది కిరాణా వ్యాపారం. డబ్బున్న కుటుంబమేమీ కాదు. కుర్రాడు పొడుగు, గోల్‌కీపర్‌గా ఆడేవాడు, డబ్బు తీసుకోని అమెచ్యూర్‌గానే. టీచర్ అవుదామని ట్రైనింగ్‌లో ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫిరంగి దళంలో చేరి ఫ్రాన్స్‌లో, తర్వాత ఈజిప్ట్, పాలస్తీనా వైపు పనిచేశాడు. మణికట్టు విరగడంతో గోల్‌కీపర్‌గా ఆట అయిపోయింది.

ఇక్కడ మనలో చాలామందైతే ఆట వదిలేసి కామెంటరీ చెప్పుకుంటూ కూర్చుంటాం. ఈయన మాత్రం విజిల్ పట్టుకున్నాడు. యుద్ధం అయ్యాక ఎక్సెటర్‌లోని సెయింట్ ల్యూక్స్ కాలేజ్‌లో టీచర్ చదువు పూర్తిచేసి, వాట్‌ఫర్డ్ గ్రామర్ స్కూల్లో ఆటల మాస్టారుగా చేరాడు. మన భాషలో పీడీ సార్ అన్నమాట. వారమంతా పిల్లలతో బడిలో, శనివారం వస్తే ఎక్కడో ఒక గ్రౌండ్‌లో రిఫరీగా. ఆ రోజుల్లో అంత పెద్ద లీగ్ మ్యాచ్‌లకి కూడా రిఫరీలు ఇలా వేరే ఉద్యోగం చేసుకునేవాళ్ళే. ఆటగాళ్ళకి జీతాలుండేవి, వాళ్ళ మీద తీర్పు చెప్పేవాడు మాత్రం సోమవారం పొద్దున మళ్ళీ బడికెళ్ళి అటెండెన్స్ తీసుకోవాలి.

1927లో రౌస్ ఫుట్‌బాల్ లీగ్ రిఫరీ అయ్యాడు. అదే సంవత్సరం ఆంట్‌వర్ప్‌లో బెల్జియం, నెదర్లాండ్స్ మధ్య మ్యాచ్‌తో అంతర్జాతీయ రిఫరీ కూడా అయ్యాడు. తర్వాతి ఏడేళ్ళలో అలాంటివి ముప్పైకి పైగా చేశాడు.

ఇప్పుడు ఆయన చేసిన మొదటి పెద్ద పని చెప్తాను. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో ఫుట్‌బాల్‌లో రిఫరీ మైదానంలోనే ఉండేవాడు కాదు. ఒక్కో టీమ్ తన సొంత అంపైర్‌ని తెచ్చుకునేది. మన గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ టీమ్ వాడే అంపైరింగ్ చేస్తాడు చూడండి, అలా. ఇద్దరు అంపైర్లకీ పడకపోతే బయట నిలబడిన మూడో మనిషిని అడిగేవాళ్ళు. అడగడం కాబట్టే ఆయనకి రిఫరీ అనే పేరు వచ్చింది. 1891లో ఆ మూడో మనిషి మైదానం లోపలికి వచ్చాడు, అంపైర్లిద్దరూ గీత దగ్గరికి వెళ్ళి లైన్స్‌మెన్ అయ్యారు. బాగానే ఉంది. కానీ లోపలికొచ్చిన ఈ ఒక్కడు ఎక్కడ పరుగెత్తాలి? నూరు మీటర్ల పొడవున్న మైదానం, ఇరవై రెండు మంది, ఒక బంతి. బంతి వెనకాలే పరుగెడితే ఎప్పుడూ వీపులే కనపడతాయి. నడి మధ్యలో నిలబడితే బంతికి నువ్వే అడ్డం. దీనికి అందరూ పాటించే పద్ధతంటూ ఒకటి లేదు.

రౌస్ చెప్పిన జవాబు వింటే మన సీఎస్ఈ వాళ్ళకి నవ్వొస్తుంది, అంత సింపుల్. మైదానాన్ని ఒక మ్యాట్రిక్స్ అనుకోండి. రిఫరీ ఒక మూల దగ్గర్నించి ఎదురు మూల దాకా ఐమూలగా, అంటే డయాగనల్ మీద పరుగెత్తాలి. ఆ డయాగనల్‌కి దూరంగా మిగిలిపోయిన రెండు మూలల దగ్గర ఇద్దరు లైన్స్‌మెన్ ఉంటారు, ఒక్కొక్కరికి ఒక్కో పక్క, సగం సగం గీత. ఇప్పుడు బంతి ఎక్కడున్నా రిఫరీకీ ఒక లైన్స్‌మన్‌కీ మధ్యలోనే ఉంటుంది. ఒకే ఫౌల్‌ని ఇద్దరు రెండు వైపుల నుంచి చూస్తున్నారు. ఆఫ్‌సైడ్ చూడాల్సిన లైన్స్‌మన్ చివరి డిఫెండర్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. ఎవరికీ కొత్త అధికారం రాలేదు, ఎవరినీ కొత్తగా పెట్టలేదు. ఉన్న ముగ్గురూ ఎక్కడ నిలబడాలో మార్చాడు, అంతే. దీన్ని ఒక అలవాటుగా, ఒక పద్ధతిగా పెట్టింది ఆయనే. ఈ రోజు టీవీలో మీరు ఏ మ్యాచ్ చూసినా రిఫరీని మాత్రమే గమనించండి, ఆ డయాగనల్ కనపడుతుంది.

నేను ఆ రోజు ఎక్కడ నిలబడ్డానో తెలుసా? సెంటర్ సర్కిల్‌లో. మొత్తం మ్యాచ్.

1934 ఏప్రిల్ 28న వెంబ్లీలో ఎఫ్.ఏ. కప్ ఫైనల్. మాంచెస్టర్ సిటీ, పోర్ట్స్‌మత్. రిఫరీ రౌస్. ఇంగ్లండ్‌లో ఒక రిఫరీకి అంతకంటే పెద్ద మ్యాచ్ లేదు. సిటీ 2-1తో గెలిచింది. ఆఖరి విజిల్ వినపడగానే సిటీ గోల్‌కీపర్ ఫ్రాంక్ స్విఫ్ట్ స్పృహ తప్పి పడిపోయాడు. వయసు ఇరవై. టెన్షన్ తట్టుకోలేకపోయాడు. ఒకప్పుడు గోల్‌కీపర్‌గా ఉండి చేయి విరిగి ఆట ఆగిపోయిన మనిషి ఊదిన విజిల్‌కి ఇంకో గోల్‌కీపర్ అలా పడిపోవడం నాకు ఎందుకో గుర్తుండిపోయింది. ఒక చిన్న శబ్దం ఎదుటివాళ్ళకి ఎంత బరువో మనం ఊదేటప్పుడు తెలీదు.

ఆ ఫైనల్ తర్వాత బెల్జియం వెళ్ళి ఇంకో మ్యాచ్ చేసి, రౌస్ రిఫరీగా ముగించాడు. అదే ఏడాది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యాడు. బడి నుంచి నేరుగా ఆఫీసుకి. అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు.

ఆ ఆఫీసులో ఆయనకి ఎదురైంది ఏంటంటే, ఒక పాత కోడ్‌బేస్. 1863లో లండన్‌లో ఒక సత్రంలో కూర్చుని కొన్ని క్లబ్బులవాళ్ళు మొదటి రూల్స్ రాసుకున్నారు, 13 రూల్స్. అప్పట్లో బంతిని గాల్లో చేత్తో పట్టుకోవడం కూడా ఉండేది. తర్వాత డెబ్భై ఏళ్ళ పాటు ప్రతి గొడవకీ ఒక ప్యాచ్. పెనాల్టీ వచ్చింది. గోల్‌కీపర్ ఎక్కడిదాకా చేతులు వాడొచ్చో మారింది. 1925లో ఆఫ్‌సైడ్‌కి ముగ్గురు ప్రత్యర్థుల లెక్క ఇద్దరికి తగ్గింది. ప్రతి ప్యాచ్ కిందా ఒక వివరణ, ఆ వివరణకి ఇంకో వివరణ. చివరికి ఒక రూల్ వెతకాలంటే నాలుగు చోట్ల చూడాలి. మనం సీనియర్ల ప్రాజెక్ట్ తీసుకుని రన్ చేసినప్పుడు ఎలా ఉంటుందో అలా. పనిచేస్తుంది, కానీ ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలీదు.

రౌస్ దాన్ని తిరగరాశాడు. ఆటని మార్చలేదు. ఒకే విషయం గురించి ఉన్న ముక్కలన్నీ ఒక చోటికి తెచ్చాడు, మాటలు తేలిక చేశాడు, వరుస పెట్టాడు. మైదానం, బంతి, ఆటగాళ్ళ సంఖ్య, బట్టలు, రిఫరీ, లైన్స్‌మెన్, ఇలా మొదలై కార్నర్ కిక్‌తో ముగిసేలా 17 రూల్స్. 1938లో అవి అమల్లోకి వచ్చాయి. మనం రీఫ్యాక్టరింగ్ అంటామే, సరిగ్గా అదే. మళ్ళీ అంత పెద్ద ఎత్తున తిరగరాయడం 1997లో గానీ జరగలేదు. అంటే ఒక బడిపంతులు సర్దిన వాక్యాలు దాదాపు అరవై ఏళ్ళు ప్రపంచమంతా నడిచాయి. పార్కులో ఆదివారం ఆడుకునే గుమాస్తాలకీ వరల్డ్ కప్ ఫైనల్‌కీ అదే పుస్తకం. ఈ విషయం నాకు బాగా నచ్చింది. క్రికెట్‌లో మనం టెన్నిస్ బాల్‌కి వేరే రూల్స్ పెట్టుకుంటాం. ఇక్కడ పొట్టలున్న మన అన్నయ్యలకి కూడా అదే 11వ రూల్.

ఆ పుస్తకం చదివాక మన గ్రౌండ్‌లో రోజూ జరిగే గొడవలు కొన్ని నాకు వేరేగా కనపడ్డాయి. ఆఫ్‌సైడ్ చోటులో నిలబడటం తప్పు కాదు, అక్కణ్ణించి ఆటలో కలగజేసుకుంటేనే తప్పు. అది కూడా మనవాడు బంతిని తన్నిన క్షణంలో ఎక్కడున్నావన్నది లెక్క, నీకు అందిన క్షణంలో కాదు. అందుకే వేగంగా పరుగెత్తేవాడు అందుకునేసరికి ఒంటరిగా కనపడతాడు, మనం అరుస్తాం, రిఫరీ ఊదడు. రిఫరీ కరెక్ట్. బంతి చేతికి తగిలిన ప్రతిసారీ హ్యాండ్‌బాల్ కాదు. ఫౌల్ చూసి కూడా విజిల్ ఊదకపోతే అది నిద్ర కాదు, దెబ్బ తిన్న టీమ్‌కే లాభం ఉందని ఆట వదిలేశాడన్నమాట. ఇంకా ముఖ్యమైనది, చాలా రూల్స్ చివరికి రిఫరీ అభిప్రాయం మీదికే వచ్చి ఆగుతాయి. ఎంత బాగా రాసినా కొంత భాగం మాత్రం చూసే మనిషికే వదిలేయాలి. అందుకే ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడు అన్నది అంత ముఖ్యం. రౌస్ ముందు నిలబడే చోటు సరిచేసి, తర్వాత పుస్తకం సరిచేశాడు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో బ్రిటన్ జట్లు ఫిఫాలోకి తిరిగి రావడానికి ఆయన కష్టపడ్డాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ పనుల్లో ఉన్నాడు. స్వతంత్రం వచ్చిన మన దేశం మొదటిసారి ఫుట్‌బాల్ ఆడిన ఒలింపిక్స్ అవే. ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు, అప్పటి రూల్ దానికి అడ్డు చెప్పలేదు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడిపోయాం. మరుసటి ఏడాది రౌస్‌కి సర్ బిరుదు వచ్చింది. 1961లో ఫిఫా అధ్యక్షుడయ్యాడు. కిరాణా కొట్టు ఇంట్లో పుట్టి, బడిలో ఆటలు నేర్పి, ప్రపంచ ఫుట్‌బాల్ అంతటికీ పెద్ద అయ్యాడు.

నేను ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది మంచి ఇన్‌స్పిరేషనల్ ఆర్టికల్ అయ్యేది. ఎడిటర్ అక్క కూడా అదే అనుకుంది. కానీ మిగతా సగం చదివాక ఆపడం కుదరలేదు.

ఆయన అధ్యక్షుడైన ఏడాదే ఫిఫా దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. అక్కడ అపార్తీడ్ నడుస్తోంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒక జట్టులో ఆడకూడదు. ఫిఫా గుర్తించిన సంఘం తెల్లవాళ్ళది. 1963లో రౌస్ స్వయంగా అక్కడికి వెళ్ళి చూసొచ్చాడు. సస్పెన్షన్ ఎత్తేయాలని చెప్పాడు, ఎత్తేశారు. ఆయన వాదన ఏంటంటే, ఆ సంఘం పద్ధతిగా నడుస్తోంది, దేశ చట్టం దాని చేతిలో లేదు, ఆటలోకి రాజకీయం తేకూడదు. ఆ సంఘం ఏం ప్లాన్ చెప్పిందో తెలుసా? 1966 వరల్డ్ కప్‌కి అందరూ తెల్లవాళ్ళున్న జట్టు, 1970కి అందరూ నల్లవాళ్ళున్న జట్టు. దాన్ని సమానత్వం అనుకోవాలట. 1964లో టోక్యోలో జరిగిన ఫిఫా మహాసభలో ఆఫ్రికా, ఆసియా దేశాలు ఓట్లేసి సస్పెన్షన్ మళ్ళీ పెట్టించాయి. 1976లో దక్షిణాఫ్రికాని పూర్తిగా బయటికే పంపేశారు.

1966 వరల్డ్ కప్ కూడా ఇలాగే. 16 జట్లు ఆడే టోర్నీ. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మొత్తానికి కలిపి ఇచ్చింది ఒకే ఒక్క చోటు. ఆఫ్రికాలో గెలిచినా మళ్ళీ ఇంకో ఖండం వాళ్ళతో ఆడి గెలవాలి. ఘనా ముందుండగా ఆఫ్రికా దేశాలన్నీ ఆ కప్‌ని బహిష్కరించాయి. పద్ధతి ప్రకారం తీసుకున్న నిర్ణయమే అని ఫిఫా పట్టుబట్టింది. 1970కి వచ్చేసరికి ఆఫ్రికాకి సొంతంగా ఒక చోటు ఇవ్వక తప్పలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది 1973 నవంబర్ 21. చిలీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చి రెండు నెలలైంది. శాంటియాగోలోని నేషనల్ స్టేడియంని జైలుగా మార్చి వేలమందిని అక్కడ బంధించారు, హింసించారు, కొందరిని చంపేశారు. అదే స్టేడియంలో చిలీ, సోవియట్ యూనియన్ మధ్య వరల్డ్ కప్ క్వాలిఫయర్ జరగాలి. సోవియట్ జట్టు అక్కడ ఆడనంది, వేరే చోట పెట్టమంది. ఫిఫా మనుషులు వెళ్ళి చూసి, మ్యాచ్ పెట్టుకోవచ్చని రిపోర్ట్ ఇచ్చారు. సోవియట్ జట్టు రాలేదు. ఆ రోజు చిలీ ఆటగాళ్ళు ఒక్కరే మైదానంలోకి దిగారు. రిఫరీ విజిల్ ఊదాడు. వాళ్ళలో వాళ్ళే బంతి అందించుకుంటూ వెళ్ళి, ఎవరూ లేని గోల్‌లోకి కొట్టారు. ఎదుటి జట్టు లేదు కాబట్టి మళ్ళీ కిక్-ఆఫ్ చేసేవాళ్ళు లేరు. మ్యాచ్ అయిపోయింది. చిలీ క్వాలిఫై అయింది. ఫిఫా అధ్యక్షుడు రౌస్.

ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. రూల్ పుస్తకం తీసి వెతికితే ఆ గోల్‌లో ఫౌల్ లేదు, హ్యాండ్‌బాల్ లేదు. అయినా అది ఆట కాదని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

ఇంత తెలిసిన మనిషి, ఇంత నిజాయితీగా శనివారాలు పరుగెత్తిన మనిషి, అక్కడ ఎందుకు అలా చేశాడు అని చాలా ఆలోచించాను. ఆయన చెడ్డవాడని ఒక్క మాటలో తేల్చెయ్యడం నాకు కుదరట్లేదు. నాకు అర్థమైనంతవరకూ, రిఫరీ ఎవరి పక్షమూ ఉండకూడదు అనే పాఠాన్ని ఆయన ప్రపంచమంతటికీ వర్తింపజేశాడు. మైదానంలో అది సరిపోతుంది, ఎందుకంటే రెండు వైపులా పదకొండు మందే ఉంటారు. ఒక వైపు వాళ్ళని అసలు మైదానంలోకే రానివ్వకపోతే, మధ్యలో నిలబడటం అంటే లోపల ఉన్నవాళ్ళ పక్కన నిలబడటమే. ఫౌల్‌ని రెండు వైపుల నుంచి చూడాలని నేర్పింది ఆయనే. దక్షిణాఫ్రికాని మాత్రం ఒక వైపు నుంచే చూశాడు.

1974 జూన్ 11న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిఫా ఎన్నిక. పోటీకి బ్రెజిల్ నుంచి జొవావ్ హవెలాంజ్. ఆయన ముందే దేశదేశాలూ తిరిగాడు, ముఖ్యంగా ఆఫ్రికా. వరల్డ్ కప్‌లో మరిన్ని చోట్లు ఇస్తానన్నాడు. రౌస్‌కి 52 ఓట్లు, హవెలాంజ్‌కి 68. డెబ్భై తొమ్మిదేళ్ళ మాస్టారు ఓడిపోయాడు. హవెలాంజ్ కాలంలో ఫిఫాలోకి డబ్బూ దానితో పాటు అవినీతీ ఎలా వచ్చాయో అది వేరే కథ, ఇంకో సంచికకి సరిపడేంత ఉంది. కానీ ఆ రోజు ఓటేసిన చాలా దేశాలకి ఒకటే గుర్తుంది, తమని చూడాల్సిన రిఫరీ తమని చూడలేదని.

రౌస్ 1986 జూలై 18న లండన్‌లో చనిపోయాడు. వయసు 91. ఆయన పేరుతో ఇంగ్లండ్, స్కాట్లండ్ కొన్నేళ్ళు ఒక కప్ ఆడాయి, అదీ ఆగిపోయింది. డయాగనల్ మాత్రం ఉంది. 17 రూల్స్ ఉన్నాయి.

ఇక నా సంగతి. ఇదంతా చదివాక ఊరుకోలేక అలుమ్ని గ్రూప్‌లో ఆ అన్న నంబర్ పట్టుకుని ఫోన్ చేశాను. ఆయన బెంగళూరులో ఉద్యోగం. నేను పేరు చెప్పి, ఆ మ్యాచ్‌కి రిఫరీని నేనే అని, మీ గోల్ కరెక్ట్ అని, త్రో-ఇన్‌కి ఆఫ్‌సైడ్ ఉండదని నాకు తెలీదని, సారీ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన కాసేపు నవ్వాడు. తనకి ఆ రూల్ తెలుసట. అక్కడ ప్రతి ఆదివారం పొద్దున ఆఫీసువాళ్ళంతా కలిసి గ్రౌండ్ అద్దెకి తీసుకుని ఆడతారట.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదన్నా అని అడిగాను. చెప్దామనే వచ్చాడట, నా ముఖం చూసి ఆగిపోయాడట. అక్కడ వాళ్ళకి రిఫరీ అంటే ఆ వారం ఎవరికి కాలు నొప్పైతే వాళ్ళే. ఒకసారి అలా విజిల్ పట్టుకున్న కుర్రాడి మీద పదిమంది ఎగబడి అరిచారట. తర్వాతి వారం ఆ కుర్రాడు రాలేదు. ఇంకెవరూ విజిల్ ముట్టుకోలేదు. నెల రోజులు ప్రతి ఫౌల్‌కీ గొడవే, చివరికి మ్యాచ్‌లే ఆగిపోయాయి. అప్పట్నించి వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారట. మ్యాచ్‌లో రిఫరీ చెప్పిందే ఫైనల్, అయ్యాక టీ దగ్గర మాత్రం ఏ రూల్ తప్పైందో అందరూ మాట్లాడుకోవాలి, రిఫరీ కూడా వినాలి. ఆ రోజు మన దగ్గర టీ తాగేటప్పుడు నాకు చెప్దామనుకున్నాడట. నేను అప్పటికే హాస్టల్‌కి వెళ్ళిపోయాను అన్నాడు.

నిజానికి నేను వెళ్ళిపోలేదు. కప్పు పట్టుకుని స్టాఫ్ సార్లున్న వైపు నిలబడ్డాను. ఆ అన్నావాళ్ళు ఇటు వైపు, చెట్టు కింద ఉన్నారు. గెలిచినవాళ్ళ దగ్గర నిలబడితే ఎవరూ ఏమీ అడగరు కదా. ఇది ఆయనకి ఫోన్‌లో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను, గ్రూప్‌లో లింక్ పెడతారు కాబట్టి చదువుతాడు.

వచ్చే నెల ఇంటర్-బ్రాంచ్ ఫుట్‌బాల్ ఉంది. రిఫరీకి మళ్ళీ నా పేరే ఇచ్చాను. సెంటర్ సర్కిల్‌లో నిలబడను, ప్రామిస్. లైన్స్‌మన్‌గా ఇద్దరు కావాలి, ఒకరు సీఎస్ఈ వాళ్ళు కాకపోతే ఇంకా మంచిది. పరుగెత్తడానికి రెడీగా ఉంటే చాలు. 11వ రూల్ నేను నేర్పుతాను. మ్యాచ్ అయ్యాక టీ క్యాంటీన్ దగ్గర, రెండు టీమ్‌లూ ఒకే చోట.